ఒకే శాంపిల్, రెండు ల్యాబులు, రెండు రిపోర్టులు: మోషన్ టెస్ట్‌ని ఎలా నమ్మాలి?

డిబ్బరొట్టె
మావాడికి ఆరేళ్ళు. దసరా సెలవులకి అరకు దగ్గర మా ఆడపడుచు వాళ్ళింటికి వెళ్ళొచ్చిన దగ్గర్నుంచి కడుపునొప్పి, మధ్యమధ్యలో జిగట విరేచనాలు. డాక్టరుగారు మోషన్ టెస్ట్ రాశారు. ఎంవీపీ కాలనీలో మా ఇంటి పక్కనే ఉన్న చిన్న ల్యాబ్‌లో పొద్దున్నే ఇచ్చొచ్చాను. మావారికి దాని మీద గురి లేదు. అదే శాంపిల్‌లో సగం ఇంకో డబ్బాలో పెట్టి, ఇంటికొచ్చి పట్టుకెళ్ళే పెద్ద ల్యాబ్ వాళ్ళకి కూడా ఇచ్చారు. చిన్న ల్యాబ్ రిపోర్టు: "ఎంటమీబా హిస్టోలిటికా సిస్టులు కనిపించాయి." అంటే జిగట విరేచనాలు తెచ్చే అమీబా, పెంకు కట్టిన దశలో ఉందని. పెద్ద ల్యాబ్ రిపోర్టు: "ఓవా, సిస్టులు ఏవీ లేవు." ఓవా అంటే పురుగు గుడ్లు. ఒకే పిల్లాడు, ఒకే పొద్దు, ఒకే మలం! మందులు వెయ్యాలా వద్దా అన్నది డాక్టరుగారు చూసుకుంటారు, అది అడగట్లేదు. ఈ ఇద్దరిలో ఎవరిది తప్పు? డబ్బులు వెనక్కి ఎవర్ని అడగాలి?

పూర్ణామార్కెట్
ఇద్దర్నీ అడగండి. ఎవరు గట్టిగా అరిస్తే వాళ్ళది తప్పు.

ఉక్కునగరం_రావు
ఇందులో ఆలోచించేదేముంది? పెద్ద ల్యాబ్‌కి మెషీన్లుంటాయి, ఎన్‌ఏబీఎల్ (ల్యాబుల నాణ్యత చూసే జాతీయ బోర్డు) గుర్తింపు ఉంటుంది. సందుగొందుల్లో ఉన్నవాళ్ళు అందరికీ అమీబా అని రాసిపడేస్తారు. మా కాలనీలో ఎవరు ఏ కడుపునొప్పితో వెళ్ళినా "ఈ.హెచ్. సిస్టులు ప్లస్" అనే రిపోర్టే, ఈ.హెచ్. అంటే ఆ హిస్టోలిటికాయే.

ల్యాబ్_లక్ష్మి
@ఉక్కునగరం_రావు మోషన్ టెస్ట్‌కి మెషీన్ ఏముందండీ? చాలా ల్యాబుల్లో ఇప్పటికీ స్లైడు, కవర్ స్లిప్, సెలైన్ చుక్క, అయోడిన్ చుక్క, ఒక జత కళ్ళు. అంతే.

@డిబ్బరొట్టె మీ శాంపిల్‌లో రెండో సగం ఎన్నింటికి తీశారు, ల్యాబ్‌కి ఎన్నింటికి చేరింది? గట్టిగా ఉందా, పల్చగా ఉందా? అది చెప్పకుండా ఎవరిది తప్పో చెప్పలేం.

డిబ్బరొట్టె
పల్చగానే ఉంది, కొంచెం జిగురు కూడా. తీసింది ఏడుంపావుకి. చిన్న ల్యాబ్‌కి ఏడున్నరకల్లా ఇచ్చేశాను. రెండో డబ్బా పట్టుకెళ్ళే అబ్బాయి పదిన్నరకి వచ్చాడు. అంతవరకూ బాత్రూం కిటికీలో పెట్టాం. రిపోర్టులో "శాంపిల్ అందిన సమయం" అని మధ్యాహ్నం రెండు దాటి ఉంది.

ల్యాబ్_లక్ష్మి
అదిగో. పల్చటి విరేచనం అరగంటలో చూడాలి. కొంచెం ముద్దగా ఉంటే గంటలో. గట్టిగా ఉంటే ఆ రోజులో ఎప్పుడైనా పర్వాలేదు. పల్చటి దాంట్లో ఉండేవి ఎక్కువగా ట్రోఫోజోయిట్లు, అంటే కదిలే దశ. బయటికొచ్చాక అవి ఎక్కువసేపు బతకవు, చచ్చాక ఆకారం చెడిపోయి చెత్తలో కలిసిపోతాయి. ఏడు గంటలు మన వైజాగ్ ఉక్కలో కిటికీలో, బండి డిక్కీలో తిరిగిన శాంపిల్‌లో "ఏవీ లేవు" అంటే ఆ మాటకి విలువ చాలా తక్కువ. నిజానికి అలాంటి శాంపిల్‌ని తీసుకోకుండా తిప్పి పంపేయాలి. తిప్పి పంపితే కస్టమర్ కోప్పడతాడని పంపరు.

బండిమీద_బుజ్జి
ఆ పట్టుకెళ్ళే అబ్బాయి పని నేనూ చేశాను గనక చెప్తున్నా. మధురవాడలో మొదలెట్టి హనుమంతవాక, మద్దిలపాలెం, సీతమ్మధార, అక్కడ్నుంచి ఎన్‌ఏడీ, గోపాలపట్నం, మళ్ళీ వెనక్కి. రక్తం ట్యూబులు ఐస్ పెట్టెలో పెడతాం. మలం డబ్బా ఎవడికీ పట్టదు, బ్యాగు పక్క జేబులో తోసేస్తాం. ఎన్నింటికి తీశారని అడగమని మాకు ఎవరూ చెప్పలేదు. ఫారంలో ఆ గడి ఖాళీగా ఉంటే ఆఫీసులో వాళ్ళే మేం తీసుకున్న టైం వేసేవారు. అంటే ఏడుంపావుకి వెళ్ళింది రికార్డులో పదిన్నర అవుతుంది. ఇక డబ్బాలంటారా, హార్లిక్స్ సీసా నిండా ఇచ్చిన పెద్దాయన ఉన్నాడు. బరువు తూచుకునే టెస్ట్ అనుకున్నాడేమో.

పూర్ణామార్కెట్
@బండిమీద_బుజ్జి టిఫిన్ తింటూ చదువుతున్నాను బాబూ.

సింహాచలం_సంపెంగ
ఇంత గొడవ ఎందుకండీ? బొప్పాయి గింజలు ఎండబెట్టి పొడి చేసి తేనెతో పరగడుపున ఇస్తే ఏ పురుగైనా పోతుంది. మా అమ్మమ్మ కాలంలో టెస్టులున్నాయా?

ఉత్తరాంధ్ర_ఎంకన్న
మీ అమ్మమ్మ కాలంలో గుంటలు బతికినోళ్ళు ఎంతమందో కూడా సెప్పండి మరి.

కొత్తగా_అమ్మ
ఫిబ్రవరి 10న బడిలో ఆల్బెండజోల్ ఇస్తారు కదా, ఆగస్టులో కూడా. అది వేసుకుంటే ఈ టెస్టుల అవసరం లేదు కదండీ?

మైక్రో_పీజీ
@కొత్తగా_అమ్మ అది 2015 నుంచి నడుస్తున్న జాతీయ నులిపురుగుల దినం కార్యక్రమం. 1 నుంచి 19 ఏళ్ళ వాళ్ళకి 400 మిల్లీగ్రాములు, రెండేళ్ళలోపు వాళ్ళకి సగం. ఏలికపాముల మీద బాగా పనిచేస్తుంది, కొంకిపురుగుల (హుక్‌వార్మ్) మీద కూడా ఫర్వాలేదు. కొరడా పురుగు (విప్‌వార్మ్) ఆ ఒక్క డోసుకి సరిగ్గా లొంగదు. అమీబాకి అది మందే కాదు. కాబట్టి బడిలో మాత్ర వేసినా, జిగట విరేచనాలు పట్టుకున్న పిల్లాడికి టెస్ట్ చేయాల్సిందే.

ఇక అసలు విషయం. అందరూ పెద్ద ల్యాబ్ ఆలస్యాన్ని పట్టుకున్నారు గానీ చిన్న ల్యాబ్ రిపోర్టు కూడా నాకు నచ్చలేదు. ఎంటమీబా హిస్టోలిటికా, ఎంటమీబా డిస్పార్ అని రెండున్నాయి. మొదటిది పేగుకి పుండ్లు చేస్తుంది, రెండోది ఏమీ చెయ్యదు. మామూలు మైక్రోస్కోపులో రెండింటి సిస్టులూ అచ్చం ఒకేలా ఉంటాయి, విడదీసి చెప్పడం ఎవరి తరమూ కాదు. 1993లో వీటిని వేర్వేరు జాతులుగా స్థిరపరిచారు. సిస్టులు మాత్రమే కనిపిస్తే "హిస్టోలిటికా లేదా డిస్పార్" అని రెండూ కలిపి రాయాలని 1997లో డబ్ల్యూహెచ్ఓ నిపుణులు చెప్పారు. ఇన్నేళ్ళయినా మన రిపోర్టు ప్యాడ్‌లో ఆ ఒక్క పేరే అచ్చు వేసి ఉంటుంది. కదులుతున్న ట్రోఫోజోయిట్ కడుపులో ఎర్ర రక్తకణాలు కనిపిస్తే తప్ప మైక్రోస్కోపు చూసి హిస్టోలిటికా అని గట్టిగా రాయకూడదు. లేదంటే యాంటిజెన్ టెస్ట్ (ఆ క్రిమి ప్రోటీన్‌ని పట్టేది), పీసీఆర్ (దాని డీఎన్‌ఏని పట్టేది) చేయించాలి.

ఉక్కునగరం_రావు
అంటే నేను చెప్పిందే రైటన్నమాట. చిన్న ల్యాబ్‌లు ఊరికే రాసేస్తాయి.

మైక్రో_పీజీ
సగం రైటు. వాళ్ళు ఊరికే రాశారో, నిజంగా ఏదో చూశారో మనకి తెలియదు. జిగట విరేచనంలో చీము కణాలు బోలెడు ఉంటాయి. ఆ చీము కణం, అంటే న్యూట్రోఫిల్, దాని కేంద్రకం రెండు నుంచి నాలుగు తమ్మెలుగా ఉంటుంది. అయోడిన్‌లో తొందరగా చూస్తే నాలుగు కేంద్రకాల అమీబా సిస్టులా మోసం చేస్తుంది. మాక్రోఫేజ్ అనే తెల్లకణాన్ని ట్రోఫోజోయిట్ అనుకోవడం ఇంకా మామూలు. ఈస్ట్, కొవ్వు బిందువులు, గాలి బుడగలు, పుప్పొడి రేణువులు, అరగని కూరగాయ కణాలు, అన్నీ ఎవరో ఒకరి రిపోర్టులో "పురుగు గుడ్లు" అయినవే.

ల్యాబ్_లక్ష్మి
@మైక్రో_పీజీ ఒప్పుకుంటాను. కానీ దీనికి మందు ఉంది, చవకే. ఐపీస్‌లో పెట్టే గీతల బిళ్ళ, అదే ఆక్యులర్ మైక్రోమీటర్. స్టేజ్ మైక్రోమీటర్ స్లైడు మీద ఒకసారి సరిచూసుకుని, ఏ లెన్స్‌లో ఒక గీత ఎన్ని మైక్రాన్లో (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) కాగితం మీద రాసి మైక్రోస్కోపుకి అంటించుకోవాలి. మా దాంట్లో 40 లెన్స్‌లో ఒక గీత రెండున్నర మైక్రాన్లు. సిస్టు అయిదు గీతల వెడల్పుంటే పన్నెండున్నర, అది హిస్టోలిటికా, డిస్పార్ కొలతలోకి వస్తుంది. పది మైక్రాన్లలోపు ఉంటే ఎంటమీబా హార్ట్‌మన్నై, దాంతో హాని లేదు. ఎనిమిది కేంద్రకాలు కనిపిస్తే ఎంటమీబా కోలై, అదీ హాని చేయదు. ఈ చివరి రెండింటికీ మందు అక్కర్లేదు. గీతలు లెక్కపెట్టకుండా కంటి అంచనాతో పేరు రాసేవాళ్ళు ఎక్కువమంది. ఐపీస్ మార్చినా, లెన్స్ మార్చినా మళ్ళీ సరిచూడాలి. ఒక మైక్రోస్కోపు లెక్క ఇంకోదానికి పనికిరాదు.

@డిబ్బరొట్టె మీ చిన్న ల్యాబ్‌కి వెళ్ళి "సిస్టు కొలత ఎంత వచ్చింది, ఎన్ని కేంద్రకాలు కనిపించాయి" అని మర్యాదగా అడగండి. టకటకా చెప్తే నమ్మొచ్చు. "మీకెందుకండీ" అంటే మీకే తెలుస్తుంది.

ఉత్తరాంధ్ర_ఎంకన్న
నాను మా ఈది ల్యాబోడిని అడిగేసినాను, మైక్రోమీటర్ ఉందేటి బావూ అని. టేపు ఉంది గానీ అదేటి అన్నాడు.

పూర్ణామార్కెట్
@ఉత్తరాంధ్ర_ఎంకన్న బట్టల కొట్టుకి వెళ్ళావేమో చూసుకో.

గాజువాక_గీత
ల్యాబ్ టెక్నీషియన్‌ని, పేరొద్దు. లక్ష్మిగారూ, మీరు చెప్పినవన్నీ బాగానే ఉన్నాయి. నిజం ఏంటంటే పొద్దున ఎనిమిది నుంచి పదిలోపు మా టేబుల్ మీద రక్తాలు, యూరిన్లు గుట్టలుగా పడతాయి. మోషన్లు చివరికి నెట్టేస్తారు, వాసన అని. కవర్ స్లిప్ మొత్తం పది లెన్స్‌లో వరసగా ఒక చివరి నుంచి ఇంకో చివరికి చూడాలి, అనుమానం వచ్చిన చోట 40కి మారాలి. సరిగ్గా చేస్తే సెలైన్‌దీ అయోడిన్‌దీ కలిపి పదిహేను నిమిషాలు. రేటు నూటయాభై రూపాయలు, అందులో డాక్టరు కమిషన్ పోను ఎంత మిగుల్తుందో మీకూ తెలుసు. ఓనర్ పక్కన నిలబడి "ఇంకా అదేనా" అంటాడు. నాలుగు ఫీల్డులు (లెన్స్‌లో ఒకసారికి కనిపించే మేర ఒక ఫీల్డు) చూసి నిల్ కొట్టేసేవాళ్ళని నేను తిట్టలేను.

ఉక్కునగరం_రావు
@గాజువాక_గీత ఇది వింటే ఇక టెస్ట్ చేయించుకోబుద్ధి కావట్లేదు. మేం డబ్బులు కట్టేది నాలుగు ఫీల్డులకా?

గాజువాక_గీత
కోప్పడకండి. ఉన్నది చెప్పాను.

ల్యాబ్_లక్ష్మి
@గాజువాక_గీత పని ఒత్తిడి నిజమే. కానీ వరసైనా మార్చొచ్చు కదా. మా దగ్గర పల్చటి మోషన్ వస్తే యూరిన్ల కంటే ముందు అదే. డబ్బా మీద ఎర్ర పెన్నుతో గీత. యూరిన్ ఇంకో గంట ఆగినా కొంప మునగదు, అమీబా ఆగదు.

ఇంకోటి. ఒక స్లైడు మీద పట్టే మలం రెండు మిల్లీగ్రాములు. పుల్ల చివరన అంటినంత. గుడ్లు తక్కువున్నప్పుడు ఆ రెండు మిల్లీగ్రాముల్లో దొరక్కపోవడం వింత కాదు. అందుకే గాఢత పెంచే పద్ధతి, ఫార్మాల్ ఈథర్. దాదాపు ఒక గ్రాము మలాన్ని 10 శాతం ఫార్మలిన్‌లో (చెడకుండా ఉంచే ద్రవం) కలిపి, గాజ్ గుడ్డలో (కట్టు కట్టే పల్చటి గుడ్డ) వడగట్టి, ఈథర్ పోసి, మూత పెట్టి గట్టిగా కుదిపి, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పితే నాలుగు పొరలు వస్తాయి. పైన ఈథర్, దాని కింద చెత్త బిళ్ళలా, దాని కింద ఫార్మలిన్, అడుగున మడ్డి. ఆ చెత్త బిళ్ళని పుల్లతో అంచుల నుంచి వదులు చేసి, పైవన్నీ ఒక్క వంపులో పారబోసి, అడుగు మడ్డి మాత్రమే చూడాలి. ఆ వంపు దగ్గరే కొత్తవాళ్ళు మడ్డిని కూడా పారబోసేస్తారు. ట్రోఫోజోయిట్లు ఈ పద్ధతిలో దొరకవు, గుడ్లూ సిస్టులూ దొరుకుతాయి. అందుకని తాజా స్లైడు మానేయకూడదు, రెండూ చెయ్యాలి.

వాల్తేరు_వాణి
తాజాగా తీసిన స్లైడు ఎంత పల్చగా ఉండాలో మా మేడమ్ నేర్పిన లెక్క: స్లైడు కింద న్యూస్‌పేపర్ పెడితే అక్షరాలు చదవగలగాలి. చదవలేకపోతే మందం ఎక్కువ, గుడ్డు ఉన్నా కనపడదు. మరీ తేటగా ఉంటే అందులో సరుకు లేదు. అయోడిన్ సంగతి కూడా చెప్పాలి. నల్ల సీసాలో పెట్టాలి, కొంచెం కొంచెంగా పలచన చేసుకోవాలి. చిక్కటి డికాక్షన్ రంగు పోయి లేత పసుపు అయితే పారబోయాలి, దాంట్లో కేంద్రకాలు కనపడవు. ఇక సెలైన్. వారానికోసారి ఉత్త సెలైన్ చుక్క వేసి మైక్రోస్కోపులో చూడండి. పాత సీసా అడుగున ఈదే జీవులు కనిపించిన రోజులున్నాయి. అవి పేషెంట్ కడుపులోంచి వచ్చినవి కాదు, సీసాలోవి.

పూర్ణామార్కెట్
ఆ సెలైన్ సీసాకే అమీబా మందు మెట్రోనిడజోల్ రాయాలి.

పాడేరు_ప్రయాణం
కొండ మీద పనిచేసిన అనుభవంతో ఒకటి చెప్తాను. మా క్యాంపుల్లో తీసిన శాంపిల్స్ కింద ల్యాబ్‌కి చేరేసరికి మర్నాడు అయ్యేది. ఒకసారి వరసగా రిపోర్టులన్నీ "స్ట్రాంజిలాయిడిస్ లార్వాలు" (ఇంకో రకం పేగు పురుగు పిల్లలు) అని వచ్చాయి. మా డాక్టరుగారికి అనుమానం వచ్చి అడిగితే తేలింది: అవి కొంకిపురుగు గుడ్లు. ఒక రోజు పైన మామూలు వేడిలో ఉంటే గుడ్లు పొదిగి లార్వాలు బయటికొచ్చేస్తాయి. తాజా శాంపిల్‌లో లార్వా కనిపిస్తే స్ట్రాంజిలాయిడిస్, పాత శాంపిల్‌లో కనిపిస్తే రెండింటిలో ఏదైనా కావచ్చు. కొంకిపురుగు లార్వా నోటి గొట్టం పొడుగ్గా ఉంటుంది, స్ట్రాంజిలాయిడిస్‌ది పొట్టి. అది చూసి చెప్పాలి. మందులు వేరు. కొంకిపురుగుకి ఆల్బెండజోల్, స్ట్రాంజిలాయిడిస్‌కి ఐవర్‌మెక్టిన్. రక్తం తక్కువై పాలిపోయిన ఆడవాళ్ళకి తప్పు పేరు రాస్తే ఎంత నష్టమో చూడండి.

మైక్రో_పీజీ
@పాడేరు_ప్రయాణం చక్కటి ఉదాహరణ. కాటో కాట్జ్ అనే పద్ధతిలో దీనికి తిరగేసిన సమస్య ఉంది. సర్వేల్లో గుడ్లు లెక్కపెట్టడానికి 41.7 మిల్లీగ్రాముల అచ్చుతో చేసే పద్ధతి అది. వచ్చిన లెక్కని 24తో హెచ్చిస్తే గ్రాముకి ఎన్ని గుడ్లో వస్తుంది. గ్లిజరిన్ వల్ల స్లైడు తేటపడుతుంది గానీ, గంట దాటితే పల్చటి పెంకున్న కొంకిపురుగు గుడ్లు కూడా తేటపడిపోయి మాయమవుతాయి. ఏలికపాము, కొరడా పురుగు గుడ్లు మాత్రం అలాగే ఉంటాయి. పొద్దున చేసిన స్లైడు భోజనం అయ్యాక చదివితే ఆ ఊళ్ళో కొంకిపురుగే లేదని లెక్క తేలుతుంది.

ఉక్కునగరం_రావు
సరే, సరే. మరి ఈ ఎన్‌ఏబీఎల్ ముద్ర ఎందుకు? అది ఉంటే ఇవన్నీ చూస్తారనే కదా మేం ఎక్కువ డబ్బులిచ్చేది?

ల్యాబ్_లక్ష్మి
@ఉక్కునగరం_రావు ఇది మంచి ప్రశ్న. ఎన్‌ఏబీఎల్ గుర్తింపు ఐఎస్ఓ 15189 అనే అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం ఇస్తారు. కానీ ల్యాబ్ మొత్తానికి గంపగుత్తగా ఇవ్వరు, టెస్టుల వారీగా ఇస్తారు. ఆ జాబితాని స్కోప్ అంటారు, ఎన్‌ఏబీఎల్ వెబ్‌సైట్‌లో ల్యాబ్ పేరు కొడితే దొరుకుతుంది. షుగర్, థైరాయిడ్ ఉండి మోషన్ టెస్ట్ ఆ జాబితాలో లేని ల్యాబులు ఉన్నాయి. గోడ మీద ముద్ర చూసి మోషన్ టెస్ట్‌కి కూడా అదే అనుకోకండి. స్కోప్‌లో ఉంటే మటుకు వాళ్ళు బయటి నుంచి వచ్చే, లోపల ఏముందో చెప్పని శాంపిల్స్ చదివి జవాబు పంపాలి. అలాంటి పథకం దొరక్కపోతే వేరే ల్యాబ్‌తో శాంపిల్స్ మార్చుకుని సరిచూసుకోవాలి.

గాజువాక_గీత
ఆ బయటి శాంపిల్ వచ్చిన రోజు చూడాలి మా ల్యాబ్. బళ్ళో ఇన్‌స్పెక్షన్ రోజున బాగా చదివే పిల్లల్ని ముందు బెంచీలో కూర్చోబెట్టినట్టు, అందరికంటే సీనియర్‌ని పిలిచి ఆవిడ చేత చదివిస్తారు. ఆవిడ రోజూ మోషన్లు చూడదు. మార్కులు నూటికి నూరు.

మైక్రో_పీజీ
@గాజువాక_గీత అందుకే లోపల్లోపల గుడ్డిగా మళ్ళీ చదివించడం పెట్టాలి. చదివేసిన స్లైడుల్లో పదో వంతు, ముందు రిపోర్టు చూపించకుండా ఇంకొకరి చేత చదివించాలి. సర్వేల్లో ఇది మామూలు పద్ధతి. నిల్ అన్న వాటిని కూడా తీసుకోవాలి, లేకపోతే తప్పిపోయినవి ఎప్పటికీ బయటపడవు. పాజిటివ్ వచ్చిన మలాన్ని ఫార్మలిన్‌లో దాచుకోండి, కొత్తవాళ్ళకి చూపించడానికి అంతకంటే మంచి పాఠం లేదు. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ వాళ్ళ డీపీడీఎక్స్ సైట్‌లో బొమ్మలు ఉచితంగా ఉన్నాయి, అసలువీ వాటిలా కనిపించి మోసం చేసేవీ కూడా.

కొత్తగా_అమ్మ
అన్నీ ఒకేసారి చెప్పే పీసీఆర్ ప్యానెల్ ఉందంట కదా, వేలల్లో రేటు. అది చేయించేస్తే ఈ కళ్ళ గొడవ ఉండదు కదండీ?

మైక్రో_పీజీ
అమీబాకీ, జియార్డియా అనే ఇంకో పేగు పరాన్నజీవికీ బాగుంటుంది, హిస్టోలిటికానా డిస్పారా అన్నది కూడా తేలిపోతుంది. కానీ బాగా వాడుకలో ఉన్న ఒక ప్యానెల్ 22 రకాల క్రిముల్ని చూస్తే అందులో పరాన్నజీవులు నాలుగే: క్రిప్టోస్పోరిడియం, సైక్లోస్పోరా, హిస్టోలిటికా, జియార్డియా. ఏలికపాములు, కొంకిపురుగులు ఏవీ అందులో లేవు. వేలు పోసి నిల్ వచ్చింది కదా అని పురుగుల్లేవు అనుకుంటే ఎలా? క్రిప్టోస్పోరిడియం అయితే మామూలు స్లైడులో కూడా పట్టుబడదు, నాలుగైదు మైక్రాన్లే. ప్రత్యేకమైన యాసిడ్ ఫాస్ట్ రంగు వెయ్యాలి, డాక్టరు అడిగితేనే వేస్తారు.

వాల్తేరు_వాణి
రాత్రిళ్ళు పిల్లలు కింద గోక్కుంటే మోషన్ టెస్ట్ దండగ అని కూడా చెప్పండి. ఆ దురద తెచ్చే నులిపురుగు (పిన్‌వార్మ్) గుడ్లు మలంలో అరుదుగా దొరుకుతాయి. పొద్దున లేవగానే, కడగకముందు, సెలోటేపు అంటించి తీసి స్లైడు మీద పెట్టి చూడాలి.

ఉత్తరాంధ్ర_ఎంకన్న
ఆ టేపేనేటి మా ఈది ల్యాబోడి దగ్గరున్నది!

ల్యాబ్_లక్ష్మి
😀 అయితే వాడు సగం సిద్ధంగానే ఉన్నాడు.

@డిబ్బరొట్టె డాక్టరుగారు మళ్ళీ పరీక్ష రాస్తే మూడు శాంపిల్స్ ఇవ్వండి, రోజు విడిచి రోజు, పది రోజుల్లోపు. సిస్టులు రోజూ పడవు, జియార్డియా అయితే మరీను. మందు మొదలుపెట్టకముందే ఇవ్వాలి. మెట్రోనిడజోల్ మొదలెట్టాక దొరకవు, ఆపిన తర్వాత రెండు వారాలైనా ఆగాలి. పొడి డబ్బా, వెడల్పు మూతి. కమోడ్ నీళ్ళు, మూత్రం తగలకూడదు. మూత్రం ట్రోఫోజోయిట్లని చంపేస్తుంది, నీళ్ళలో ఉండే జీవులు వచ్చి లేనిపోని గందరగోళం చేస్తాయి. జిగురు, రక్తం ఉన్న చోటు నుంచే చెంచాడు తీయండి. డబ్బా మీద పేరుతో పాటు తీసిన టైం మీరే రాయండి.

డిబ్బరొట్టె
చిన్న ల్యాబ్‌కి వెళ్ళి అడిగాను. అక్కడున్న అమ్మాయి కొలత పన్నెండు, కేంద్రకాలు నాలుగు అని రిజిస్టర్ తీసి చూపించింది. కానీ రిపోర్టులో డిస్పార్ ఎందుకు రాయలేదంటే సాఫ్ట్‌వేర్‌లో ఆ ఆప్షన్ లేదంది. డాక్టరుగారు యాంటిజెన్ టెస్ట్ రాశారు. నా సందేహం ఒకటే, మావాడికి ల్యాబ్ తెరిచే టైముకి రాదు. తెల్లవారుజామున అయిదింటికి వస్తే?

ల్యాబ్_లక్ష్మి
రిజిస్టర్‌లో కొలత రాసిందంటే ఆ అమ్మాయి పని తెలిసినది. సాఫ్ట్‌వేర్ వాడికి ఫోన్ చేయమనండి. అయిదింటికి వస్తే ముందురోజే ల్యాబ్ వాళ్ళని అడిగి 10 శాతం ఫార్మలిన్ పోసిన సీసా తెచ్చుకోండి. ఒక వంతు మలం, మూడు వంతుల ఫార్మలిన్, బాగా కలిపి మూత బిగించి పిల్లాడికి అందకుండా పెట్టండి. గుడ్లూ సిస్టులూ అందులో చెడవు. కదిలేవి మాత్రం దాంట్లో చూడలేం. యాంటిజెన్ టెస్ట్‌కి ఫార్మలిన్‌లోది పనికొస్తుందో లేదో కిట్‌ని బట్టి ఉంటుంది, చాలా హిస్టోలిటికా కిట్లకి తాజాదే కావాలి. అందుకని ఇంకో చెంచాడు ఉత్త డబ్బాలో ఫ్రిజ్‌లో పెట్టండి.

పూర్ణామార్కెట్
ఫ్రిజ్‌లోనా?!

ల్యాబ్_లక్ష్మి
రెండు కవర్లలో కట్టి, పేరు రాసి, కింది అరలో. ఇడ్లీ పిండికి దూరంగా.